తడికకు అటు పాములు, ఇటు ఎలుకలు

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా నేను రెండు పాముల్నీ, వాటికి మేతగా తెల్ల ఎలుకల్నీ ఒకే గదిలో పెంచాను. డెబ్బైల చివరి రోజులవి. మాది నిడదవోలు. వీధివైపు కొట్టు, వెనక ఇల్లు. కొట్లో నాన్నగారు పప్పులూ బెల్లం అమ్మేవారు. కోడిగుడ్డు కూడా గడప దాటి రాని ఇల్లు మాది. నేను జువాలజీ తీసుకున్నప్పుడే అమ్మ ముఖం ముడుచుకుంది. కప్పల్ని కోసిన చేతులతో వంటింట్లోకి రావద్దంది. అందుకే మేడమీద ఖాళీ గోనెలు పడేసుకునే గదిని శుభ్రం చేయించి నాకు చదువుకోవడానికి ఇచ్చారు.

ఆ ఏడు మినుములు వచ్చే రోజుల్లో, బండిలోంచి బస్తాలు దించుతుంటే ఒక జెర్రిపోతు జారి పెరట్లో పడింది. నిలువునా పెడితే నా ఎత్తు దాటేంత పొడుగుంది. కూలీలు కర్రలందుకున్నారు. ఒక దెబ్బ పడనే పడింది. రెండో కర్ర లేచేలోపు నేను వెళ్లి అడ్డంగా నిలబడ్డాను. విషం లేని పామని చెప్తే ఎవరూ నమ్మలేదు. తోకతో కొడితే కొట్టిన చోట కుళ్లిపోతుందని ఒకతను, మనిషిని గుర్తుపెట్టుకుంటుందని ఇంకొకతను. నేను ఖాళీ గోనె దాని మీద కప్పి, తల వెనక పట్టుకుని పైకెత్తాను. కాలేజీలో మా జువాలజీ మేడం రెండుమూడుసార్లు చేయించిన పనే. కానీ అక్కడ నన్ను చూసేవాళ్లు వేరు. ఇక్కడ అమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

"గాయం మానేదాకా ఉంచుకుంటాను నాన్నగారూ," అన్నాను.

ఆయన కొట్టు వెనక గుమ్మం దగ్గర నుంచే నా చేతిలోని గోనెను చూశారు. గాయం మానేదాకానే అన్నారు.

టీపొడి వచ్చే పెద్ద చెక్కపెట్టె సంపాదించి, మూతకి సన్నటి ఇనపవల కొట్టించి జెర్రిపోతును అందులో పెట్టాను. నడుం దగ్గర చర్మం చిట్లి లోపలి ఎరుపు కనిపించేది. కాలేజీ నుంచి తెచ్చిన ఊదారంగు మందు రాసేదాన్ని. ఆ కబురు ఊరంతా పాకింది. తాడిమళ్ల వైపు నుంచి మా కొట్టుకు మినుములు వేసే రైతు ఒకాయన, కొబ్బరి మొక్కకు గొయ్యి తీస్తుంటే దొరికిందని, తోక కూడా తలలాగే మొద్దుగా ఉండే రెండు తలల పామును తువ్వాల్లో మూటగట్టి తెచ్చారు. "చంపడానికి చెయ్యి రాలేదండి అమ్మాయిగారూ, వదిలెయ్యడానికి భయమేసింది," అన్నారు. అలా రెండయ్యాయి.

మేత సంగతి తేలిక అనుకున్నాను. పప్పుల కొట్టుకు ఎలుకల కరువా? మొదట్లో బోనులో పడ్డవాటినే వేశాను. కానీ ఎండలు ముదిరేసరికి గోదాములో ఎలుకల మందు పెట్టక తప్పదన్నారు నాన్నగారు. మందు తిన్న ఎలుకను పాము తింటే పాము బతకదు. మేడంకు చెప్పుకుంటే లేబొరేటరీలోంచి తెల్ల ఎలుకల జంటనూ, మేతకు ఇంకో నాలుగింటినీ ఇచ్చారు. బిస్కెట్ల డబ్బాకు చిల్లులు పొడిచి, ఒళ్లో పెట్టుకుని, కాలేజీ ఉన్న రాజమండ్రిలో పాసింజరెక్కాను. బ్రిడ్జి మీదికి వచ్చాక పక్కనున్న పెద్దావిడ డబ్బాకేసి చూసి, లోపల ఏంటమ్మా గీరుతోంది అనడిగింది. కాలేజీ సామానండి అన్నాను. ఆవిడ కొంచెం అవతలికి జరిగి కూర్చుంది.

ఇంట్లో పాముల్ని తెచ్చినప్పుడు లేని గొడవ ఎలుకల్ని తెచ్చినప్పుడు అయింది. "పామంటే సరే, చవితికి పాలు పోస్తాం, దణ్ణం పెట్టుకుంటాం. పప్పులమ్ముకునే ఇంట్లో ఎలుకల్ని పెంచుతారని ఎక్కడైనా విన్నామా?" అంది అమ్మ. నాన్నగారు మాత్రం ఒక్క షరతు పెట్టారు. ఆ గది గడప దాటి ఏదీ రాకూడదు. కొట్లోకి ఒక్క తెల్ల ఎలుక దిగినా అన్నీ ఆ రోజే ఖాళీ. కాబట్టి పాములూ ఎలుకలూ ఒకే గదిలో ఉండక తప్పలేదు. గది పొడవాటిది. పెట్టెలు ఒక కిటికీ కింద, ఎలుకల పంజరం రెండో కిటికీ కింద పెట్టాను. మధ్య నా బల్ల.

అప్పటినుంచి ఏదీ సవ్యంగా నడవలేదు. జెర్రిపోతు పగలంతా ఇనపవలకు ముక్కు పెట్టి రాస్తూనే ఉండేది. ఎలుకల వైపు మూల ఎక్కడుందో ఆ మూలే రాసేది. ముక్కు పొలుసు ఊడి పచ్చి తేలింది. తీరా ఎలుకను ముందు పెడితే ముట్టేది కాదు. రెండు తలల పాము ఇసుకలో దూరి తల బయట పెట్టడమే మానేసింది. ఎలుకలు ఇంకా అన్యాయం. రాత్రీ పగలూ అదే మూలకు నక్కి, ఒకదాని మీద ఒకటి ఎక్కి వణుకుతూ ఉండేవి. ఆడది ఈనింది. వేలి కొసంత ఎర్రటి పిల్లల్ని చూసుకుని సంబరంగా కాలేజీకి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి పంజరంలో పిల్లల్లేవు. గడ్డిలో కాస్త నెత్తురుంది. తల్లే తినేసింది.

ఆ వారంలోనే నన్ను పాము కరిచింది. తప్పు దానిది కాదు. పంజరం శుభ్రం చేసి, ఆ చేత్తోనే జెర్రిపోతుకు నీళ్లు మార్చబోయాను. నా చెయ్యి ఎలుక వాసన వేస్తోంది. అది చెయ్యి అనుకోలేదు. బొటనవేలి కింద పట్టుకుంది. కంగారుపడి లాక్కుంటే చీరుకుపోయింది. నీళ్లతో కడుక్కుంటుంటే అమ్మ చూసింది. డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లి ఇంజక్షను చేయించింది. ఇంటికి రాగానే నాన్నగారికి చెప్పేసింది.

ఆయన నన్ను పిలిచి, ఆదివారానికి అన్నీ తీసెయ్యాలన్నారు.

"తీసెయ్యను నాన్నగారూ," అన్నాను. ఆయనతో అలా అనడం అదే మొదలు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. "దాని గాయం మానలేదింకా. ఇప్పుడు వదిలితే చస్తుంది. ఎక్కడ తేడా ఉందో కనిపెడతాను. ఆదివారం మీరే వచ్చి చూడండి. అప్పటికీ బాగోలేదంటే నేనే తీసుకెళ్లిపోతాను."

ఆయన ఖాతా పుస్తకం ముందుకు లాక్కున్నారు. మర్నాడు మేడంని అడిగితే, పాములున్న గదిలో ఎలుకల్ని ఎవరైనా పెడతారా అని మందలించారు. పాముకు తిండి వాసన నిత్యం తగులుతుంటే అది నెమ్మదించదట. ఎలుకకు శత్రువు వాసన నిత్యం తగులుతుంటే పిల్లల్ని దక్కించుకోదట. వేరే గదిలో పెట్టమన్నారు. నాకు వేరే గది లేదు. రైల్లో తిరిగొస్తున్నంత సేపూ అదే ఆలోచన. వేరే గది ఎవరూ ఇవ్వరు. ఉన్నదాన్నే రెండు గదులు చెయ్యాలి.

తడికలు అల్లేవాళ్ల దగ్గర వెదురు తడికలు తెచ్చాను. గది మధ్యలో, నేల నుంచి దూలం దాకా నిలబెట్టి కట్టాను. కట్టేటప్పుడు చేతి గాయం మళ్లీ విచ్చుకుంది. గుడ్డ చుట్టుకుని కట్టాను. వట్టి తడిక ఆపలేదు కదా వాసనని. దానికి రెండువైపులా మట్టి మెత్తాలి. పెరట్లో మట్టి తొక్కి, బొక్కెనలతో మేడమీదికి మోసుకుంటున్నాను. మూడో విడతో నాలుగో విడతో మోస్తుంటే అమ్మ మెట్ల దగ్గర ఆపింది.

"ఆ ఎలుక, పిల్లల్ని తనే తినేసిందని మీ నాన్నతో అన్నావుట. నిజమేనా?"

"నిజమే అమ్మా."

"కన్నతల్లి ఎందుకు తింటుంది?"

"భయంతో. పక్కనే పాముందని ముక్కుకు తెలుస్తూనే ఉంటుంది. పారిపోవడానికి దారుండదు."

అమ్మ నా చేతిలో బొక్కెన అందుకుని మెట్టు మీద పెట్టింది. "ఎలాగూ పాముకు వెయ్యడానికే కదా పెంచుతున్నావు," అంది.

ఆ ప్రశ్న నాకూ ఉంది. జెర్రిపోతు ఎలుకను తినే ప్రతిసారీ మొహం తిప్పుకోకుండా చూడాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. చేసే పని ఏంటో చూడకుండా చెయ్యకూడదనిపించేది. "తినక పాముకు గడవదమ్మా. కానీ ఆ ఒక్క క్షణం తప్పిస్తే మిగతా రోజులన్నీ ఎలుకలు భయపడుతూ బతకక్కర్లేదు," అన్నాను.

మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి మేడమీద అలికిడైంది. అమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి, ఎలుకల వైపు తడికకు మట్టి మెత్తుతోంది. పాముల వైపు ఒక్కసారైనా తొంగిచూసినట్టు లేదు. "ఇది నీ పాముల కోసం కాదు. ఆ బాలింత కోసం," అంది నా వైపు తిరక్కుండానే. నేను అవతలివైపు మొదలుపెట్టాను. ఇద్దరి మధ్యా తడిక. అమ్మ అరచేయి పడ్డ చోటల్లా తడిక ఇటు ఉబ్బేది. నేను ఆ ఉబ్బును ఇటునుంచి నొక్కేదాన్ని. మాటల్లేకుండానే చీకటి పడేలోపు గోడ పూర్తయింది. చివర్న చిన్న తలుపు పెట్టాను, దానికీ మట్టే.

ఇంక నియమాలు మార్చాను. ముందు పాముల పని, తర్వాతే ఎలుకల పని. మధ్యలో కుంకుడురసంతో మోచేతుల దాకా కడుక్కోవడం. మేత పెట్టేది పాముండే పెట్టెలో కాదు, దాన్ని తీసి వేరే పెట్టెలో వదిలి. అలాగైతే మూత తీసిన ప్రతిసారీ తిండి వచ్చిందనుకోదు.

ఆదివారం నాన్నగారు పైకి వచ్చారు. పాముల వైపు నిలబడి కళ్లు మూసుకుని గాలి పీల్చారు. ఏ బస్తా పప్పు ముక్కిందో, ఏది తడిసి ఆరిందో మూతి విప్పకుండానే వాసనతో చెప్పగలిగిన మనిషి ఆయన. అటు మూలకు వెళ్లి పీల్చారు, తడికకు ముక్కానించి పీల్చారు.

"పచ్చి మట్టి వాసన తప్ప ఏం రావట్లేదు," అన్నారు. పెట్టెలోకి వంగి చూశారు. జెర్రిపోతు చుట్ట చుట్టుకుని పడుకుని ఉంది. ముక్కు వలకు రాయడం మానేసి రెండు రోజులైందని చెప్పాను. ఆయన దిగి వెళ్లిపోయారు. తీసెయ్యమని మళ్లీ అనలేదు.

ఆ నెలలోనే అది మేత తింది. తెల్ల ఎలుక రెండో కాన్పు పిల్లలు దక్కాయి. అవి కళ్లు తెరవకముందే అమ్మ చూసి వచ్చి, నాన్నగారికి అన్నం వడ్డిస్తూ ఎన్ని ఉన్నాయో చెప్పింది. వాటిలో కొన్ని ఎక్కడికి పోతాయో ఆమెకు తెలుసు. నేను మేత పెట్టే రోజున మాత్రం మేడమీదికి వచ్చేది కాదు.

తొలకరి పడ్డాక జెర్రిపోతు కుబుసం విడిచింది. గాయం ఉన్నచోట పొలుసులు కాస్త వంకరగా వచ్చాయంతే. ఇంక ఉంచుకోవడానికి నాకు కారణం లేదు. ఎక్కడ వదలాలా అని చూస్తుంటే ఆ తాడిమళ్ల వైపు రైతే కొట్టుకు వచ్చి, మా చేలో ఎలుకలు గట్లన్నీ తొలిచేస్తున్నాయి, మా గట్టున వదలండమ్మాయిగారూ అనడిగారు. ఆయన మొహం చూస్తే నిజంగానే అడుగుతున్నారని తెలిసింది. ఆ చుట్టుపక్కల ఎవరూ దాన్ని కొట్టకుండా చూసుకుంటానని నాన్నగారికి మాటిచ్చారు.

గోనెసంచిలో పెట్టుకుని బండిమీద వెళ్లాం, నాన్నగారూ నేనూ. ఆకుమళ్లు పచ్చగా లేచి ఉన్నాయి. కాలవ గట్టున సంచి మూతి విప్పితే జెర్రిపోతు కొంతసేపు బయటికి రాలేదు. తర్వాత తల పెట్టి, నాలిక ఆడించి, ఒక్క ఊపులో గడ్డిలోకి జారిపోయింది. గట్టు మీద నిలబడ్డవాళ్లు నాలుగడుగులు వెనక్కి వేశారు గానీ ఎవరూ కర్ర ఎత్తలేదు. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. ఆకలిగా ఉందని మాత్రం తెలిసింది. రైతు ఇంట్లో మజ్జిగ తాగి బయల్దేరాం.

దారిలో నాన్నగారు, ఇంక ఆ ఎలుకలెందుకు, తిరిగి ఇచ్చేస్తావా అనడిగారు. రెండు తలల పాము ఇంకా ఉంది కదండీ, దానికి ఇప్పుడిప్పుడే తినే అలవాటు అవుతోంది అన్నాను. ఆయన బండివాడితో కాస్త తొందరగా తోలమన్నారు. సాయంత్రం పంజరం పని నాకు మిగిలే ఉంది.