ఆకు తిప్పి చూసే మనిషి

మా కొట్టు గుమాస్తా పోయాడు. పోయిన మంగళవారం పొద్దున నేను షట్టరు పైకి నెడుతుంటే వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్న లేచి టీ పెట్టుకున్నాడండి. తాగుతా తాగుతా గోడకి ఆనుకున్నాడు. అంతే" అన్నాడు. నిలబడే పోయాడన్నమాట. ఆ మనిషి కూర్చుని టీ తాగడం నాకు బుద్ధి తెలిశాక చూడలేదు.

ఆ ఫోన్ వచ్చినప్పటినుంచి నాకు ఒక చోట కాలు నిలవడం లేదు. కొట్టులో ఉంటే ఇంటికి వెళ్ళాలనిపిస్తుంది, ఇంటికి వెళ్తే కొట్టుకి పోవాలనిపిస్తుంది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఇప్పటికి ఐదారుసార్లు కూర్చుని, లేచి, వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. "ఆయనేమన్నా మీకు పూనాడా?" అంది మా ఆవిడ. పూనినా బాగుండేది. ఆయనకున్న ధైర్యంలో కొంతైనా నాకు వచ్చేది.

మాది పర్చూరులో పురుగుమందులు, విత్తనాల కొట్టు. నాన్న పెట్టింది. నేను ఐదో తరగతిలో ఉండగా ఈ గుమాస్తా పనిలో చేరాడు. వాళ్ళు చర్చికి వెళ్తారు, మేము గుడికి వెళ్తాం, చుట్టరికం ఏమీ లేదు. అయినా నేను బాబాయ్ అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు. నాన్న పోయి నేను గల్లాపెట్టె ముందు కూర్చున్నాక కూడా, నా జుట్టు నెరిశాక కూడా ఆయనకి నేను బాబునే.

కొట్టులో ఆయన కోసం ఒక స్టూలు ఉండేది. దాని మీద ఎప్పుడూ విత్తనాల సంచులే కూర్చునేవి. రైతు వచ్చి "తోటలో ఆకు ముడుచుకుంటోంది, ఏం కొట్టమంటారు?" అని అడిగితే, ఇంకో కొట్టులో అయితే డబ్బా తీసి చేతిలో పెడతారు. ఈయన "పద, చూద్దాం" అని మోపెడ్ తీసేవాడు. చేలోకి దిగి, వంగి, ఆకు తిప్పి అడుగు భాగం చూసేవాడు. చొక్కా జేబులో దారం కట్టిన చిన్న భూతద్దం ఉండేది. పువ్వు కోసి అరచేతిలో దులిపి ఏం రాలిందో చూసేవాడు. అప్పుడు గానీ నోరు విప్పేవాడు కాదు. చాలాసార్లు "ఏమీ అక్కర్లా, నాలుగు రోజులు ఆగు" అని చెప్పి వచ్చేసేవాడు. నాన్న తల పట్టుకునేవాడు. "అమ్మడానికి జీతమిస్తుంటే అమ్మకుండా వస్తాడేంట్రా ఈయన!" అని నా దగ్గర విసుక్కునేవాడు గానీ, ఆయన్ని మాత్రం ఒక్క మాట అనలేదు. రైతులు మా కొట్టుకే ఎందుకొస్తున్నారో నాన్నకి తెలుసు.

బీకాం పూర్తి చేసి వచ్చిన నన్ను మోపెడ్ వెనక ఎక్కించుకుని చేలల్లో తిప్పింది ఆయనే. మొదటి రోజు నేను గట్టు మీదే నిలబడి "పేనుబంక అనుకుంటా బాబాయ్" అన్నాను. "అనుకునేది ఇంటికాడ అనుకో. ఇక్కడ దిగి చూడు" అన్నాడు. దిగాను. కొత్త బూట్లు అక్కడితో సరి. వ్యాపారం నాకు నాన్న ఇచ్చాడు గానీ, పని నేర్పింది ఈయన. పురుగులన్నిటి పేర్లూ ఆయన వెనక వంగి వంగి నడుస్తూ నేర్చుకున్నవే.

ఆదివారం చర్చిలో కూడా వెనక గుమ్మం దగ్గర నిలబడేవాడట. ముందుకొచ్చి కూర్చోమని పాస్టరుగారు పిలిస్తే, "దేవుడికి ఎక్కడున్నా కనపడతాను గదండీ" అనేవాడట.

ఇక నల్ల తామర పురుగు వచ్చిన ఏడు సంగతి. మా ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నాను. నలుసంత పురుగు. మిరప పూతలో చేరి పువ్వుని పాడుచేస్తుంది. పువ్వు పోయాక కాయ ఎక్కణ్ణుంచి వస్తుంది? రైతులు పిచ్చెక్కినట్టు మందులు కొట్టారు. సరిగ్గా అప్పుడే ఒక కంపెనీ కొత్త మందు తెచ్చింది. టార్గెట్ దాటిన డీలరుకి ఇద్దరు మనుషుల విదేశీ యాత్ర అంది. మా వ్యాపారంలో ఇది మామూలే.

ఆ మందుని ఆయన రెండు తోటల్లో కొట్టించి చూశాడు. మూడో రోజు కొట్టుకొచ్చి, "ఇది పనిచెయ్యట్లా బాబూ. పురుగు బతికే ఉంది" అన్నాడు.

"ఇంకో డోసు కొట్టించు."

"రెండో డోసుకి చస్తదని ఎవరు చెప్పారు?"

"కంపెనీవాళ్ళు చెప్పారు. నువ్వు చెప్తే కొడతారు బాబాయ్, నేను చెప్తే కొట్టరు. ఈ ఒక్క ఏడుకి నా మాట విను" అన్నాను.

చేతిలోని భూతద్దం జేబులో పడేశాడు. తర్వాత మోపెడ్ తీశాడు. నాన్న నాటినుంచి మా దగ్గరికొచ్చే ఒక నాలుగెకరాల రైతు ఆ సాయంత్రమే వచ్చి, "గుమాస్తాగారు చెప్పాడంటే కళ్ళు మూసుకుని కొడతా" అని డబ్బాలు మోసుకెళ్ళాడు. రెండో డోసూ కొట్టాడు. కాయ పడలేదు. నెల తిరక్కుండా తోట మొత్తం పీకేశాడు.

నేను టార్గెట్ దాటాను. రెండు టికెట్లు వచ్చాయి. "జనం తోటలు పీకేసుకుంటుంటే నేను ఏ మొహం పెట్టుకుని సముద్రం ఒడ్డున ఫొటోలు దిగను? మీరెళ్ళండి" అంది మా ఆవిడ. నేను బాబాయిని అడిగాను. పాపం ఎన్నడూ ఊరు దాటలేదు, తిప్పుకొద్దాం అని అందరికీ చెప్పాను. అసలు సంగతి ఏమిటంటే, ఆయన కూడా వస్తే అందులో పాపం నా ఒక్కడిదే కాదనిపిస్తుందని. ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "అక్కడ మిరప పండుద్దా?" పండుతుందన్నాను. "అయితే పద, చూద్దాం" అన్నాడు. ఆ ప్రశ్న ఎందుకడిగాడో అప్పుడు నేను ఆలోచించలేదు.

అది థాయిలాండ్‌లో ఒక దీవి. చుట్టూ సముద్రం, మధ్యలో అంతా కొండలే. రెండు రోజులు డీలర్లందరూ ఇసుకలో పడి దొర్లారు. ఈయన హోటలు పెరట్లో మొక్క మొక్కకీ వంగుతూ తోటమాలికి అడ్డంపడ్డాడు. మూడో రోజు ఒక పూట జీపు యాత్ర పెట్టారు. పొద్దున ఎనిమిదికి బయల్దేరి, రోడ్డు లేని దారుల్లో కొండెక్కి, జలపాతం చూసి, శిఖరం మీద ఫొటోలు దిగి, మధ్యాహ్నం భోజనానికి కిందికి వచ్చెయ్యాలి.

ఆ జీపుల పైకప్పు మీద కూడా సీట్లు బిగించారు. ఆయన అక్కడే ఎక్కుతానన్నాడు. అరవై దాటిన మనిషిని ఒంటరిగా వదల్లేక నేనూ ఎక్కాను. తారు రోడ్డు అయిపోగానే ఎర్రమట్టి, బండరాళ్ళు, వాన నీళ్ళు కోసేసిన గోతులు. జీపు ఒక పక్కకి లేచి ఇంకో పక్కకి పడుతోంది. కింద కూర్చున్న నరసరావుపేట డీలరు దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలుస్తున్నాడు. నేను ఇనప కడ్డీని రెండు చేతులా కౌగిలించుకున్నాను. ఈయన లేచి నిలబడ్డాడు! డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి "సిట్, సిట్" అని అరుస్తున్నాడు. ఆ ముక్క ఆయనకి మన భాషలో చెప్పినా వినడని వాడికేం తెలుసు?

మాది బల్లపరుపు నేల. ఎవరు వస్తున్నా మైలు దూరాన ఉండగానే తెలిసిపోతుంది. అక్కడ మలుపు తిరిగితే గానీ ముందేముందో తెలియదు. "కూర్చో బాబాయ్, పడతావు" అని బతిమాలాను. "కూర్చుంటే కొమ్మలే కనపడుతున్నాయి, నేల కనపడట్లా" అన్నాడు. నేల మీద ఏం వెతుకుతున్నావని నేను అడగలేదు.

రబ్బరు తోటలు దాటాక జలపాతం దగ్గర ఆపి ఇరవై నిమిషాలు టైమిచ్చారు. అందరూ చొక్కాలు విప్పి నీళ్ళలో దిగారు. ఇరవై నిమిషాలు ముప్ఫై అయ్యాయి, నలభై అయ్యాయి. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, ఈయన జాడ లేదు. "మీ ముసలాయన ఎక్కడండీ, ఎండకి మాడిపోతున్నాం" అని అందరూ నా మీద పడ్డారు. నేను లోపల తిట్టుకుంటూ జలపాతం పక్కన కొండవాలు ఎక్కి వెతికాను.

కొబ్బరి చెట్ల మధ్య ఒక రేకుల ఇల్లు, ఇంటి పక్కన పది పదిహేను మిరప మొక్కలు. సన్నటి కాయలు పైకి నిక్కి విరగకాశాయి. ఈయన మోకాళ్ళ మీద ఉన్నాడు. ఎదురుగా ఆ ఇంటి ముసలమ్మ గొంతుక్కూర్చుని ఉంది. ఈయన తెలుగులో అడుగుతున్నాడు, ఆవిడ తన భాషలో చెప్తోంది, ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు. ఈయన వీపున ట్యాంకు మోస్తూ మందు కొడుతున్నట్టు చేసి చూపించి, కొడతావా అన్నట్టు తల ఎగరేశాడు. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపి నవ్వింది.

"అక్కడ అందరూ నీ కోసం చస్తున్నారు. సిగ్గు లేదా?" అన్నాను. జీవితంలో ఆయన్ని నేను ఆ మాట అన్నది అప్పుడే.

ఆయన అరచెయ్యి చాపి, భూతద్దం నాకిచ్చాడు. దులిపిన పువ్వులోంచి రాలింది, నల్లగా, నలుసంత, కదులుతోంది.

"అదే గదా?" అన్నాను. నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ కూడా ఉందంటే మేము చేసిందేమీ లేదు. అంతా పైవాడి పని.

"అదే. నేనూ నీకుమల్లేనే సంతోషపడ్డా" అన్నాడు. "కానీ చూడు బాబూ. పురుగుంది. కాయా ఉంది."

నాకు వెంటనే తలకెక్కలేదు. ఆయన ఒక ఆకు తిప్పి చూపించాడు. అడుగున చిన్న సాలెపురుగు. పక్క కొమ్మ మీద ఎర్రటి అక్షింతల పురుగు పాకుతోంది. "మన తోటల్లో వీటిని చూసి ఎన్నాళ్ళయింది? ఆ నల్లపురుగుని తినేవాటిని మనమే చంపించాం. ఒక డోసు చాలదని రెండోదీ కొట్టించాం. నేను చెప్తే కొట్టారు."

"పెరట్లో పది మొక్కలూ, చేలో నాలుగెకరాలూ ఒకటా బాబాయ్?"

"ఒకటి కాకపోవచ్చు. నాకంత తెలవదు. కానీ పనిచెయ్యట్లేదని తెలిసి కూడా కొట్టమని చెప్పాను చూడు, అదైతే తప్పే గదా. ఊరెళ్ళాక ఇంటింటికీ పోయి చెప్తా."

"చెప్తే నేను కొట్టు మూసుకోవాలి" అన్నాను.

ఆయన మోకాళ్ళ మట్టి దులుపుకుని లేచాడు. ముసలమ్మకి రెండు చేతులూ జోడించి దిగి వచ్చాడు. శిఖరం మీద అందరూ సముద్రం వైపు తిరిగి ఫొటోలు దిగుతుంటే ఒక బండ మీద కూర్చున్నాడు. అవును, కూర్చున్నాడు. జీపు బయల్దేరేదాకా లేవలేదు. అది చూసి నాకు భయం వేసింది.

వచ్చిన వారానికి కొట్టు తాళాలు నా చేతిలో పెట్టి పని మానేశాడు. మోపెడ్ మీద ఊరూరా తిరుగుతున్నాడని విన్నాను. నేను ఊరుకున్నానా? "ముసలాయనకి విమానం పడలా, మతి చలించింది" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. రైతులు ఇక రారేమోనని రోజూ హడలిపోతూ షట్టరు తీసేవాణ్ణి. వచ్చారు. ఎప్పటిలాగే వచ్చారు. ఆయన మాట ఎవరూ నమ్మలేదనుకుని లోపల సంతోషించాను. మూడేళ్ళు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం కొట్టు ముందు నుంచి వెళ్తూ మోపెడ్ నెమ్మది చేసి "టీ తాగావా బాబూ?" అని అడిగేవాడు. నేను తల దించుకుని సెల్లు చూసుకునేవాణ్ణి. తాగాను బాబాయ్ అని ఒక్కసారి అని ఉంటే నా సొమ్మేం పోయేది? తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

బుధవారం సమాధి చేశారు. ముందురోజు వాన పడింది, సమాధుల తోట అంతా బురద. అన్ని ఊళ్ళ రైతులు వస్తారని నేను అనుకోలేదు. గేటు బయటిదాకా నిలబడ్డారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. ఇంటివాళ్ళు తలా గుప్పెడు మట్టి వేశారు. తర్వాత మగవాళ్ళు పారలు అందుకున్నారు. అక్కడ ఒకరు నాలుగు పారలు వెయ్యగానే ఇంకొకరు వచ్చి "ఇటివ్వు" అని అందుకుంటారు. ఎవర్నీ అలిసిపోనివ్వరు.

తోట పీకేసిన ఆ నాలుగెకరాల రైతు తన వంతు వేస్తూ నన్ను చూసి ఆగాడు.

"వచ్చావా అబ్బాయ్. పెద్ద మనిషయ్యా. మా గుమ్మంలో నిలబడి చెప్పాడు. మందు పనిచెయ్యదని తెలిసి కూడా నేనే కొట్టించా, మా బాబుకేం తెలియదు, వాణ్ణేమీ అనొద్దు అన్నాడు. ఇక్కడున్న అందరికీ అదే చెప్పాడంట. నీ మీద ఈగ వాలనీలా."

కొట్టు ఎందుకు నడిచిందో అప్పుడు తెలిసింది. తల ఊపి ఊరుకుంటే సరిపోయేది. ఆయన కోరుకున్నదీ అదే. ఊరుకోలేకపోయాను.

"నాకు తెలుసు" అన్నాను.

"ఏంటి?"

"పనిచెయ్యట్లేదని మొదట నాకే చెప్పాడు. ఇంకో డోసు కొట్టించమంది నేనే. ఆయన వద్దంటే బతిమాలి పంపించాను."

ఆ రైతు నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చేతిలో పార నా చేతిలో పెట్టి, వెళ్ళి అవతల జనంలో నిలబడ్డాడు. పక్కవాళ్ళతో ఏదో అన్నాడు. వాళ్ళూ నా వైపు చూశారు.

నేను వెయ్యడం మొదలుపెట్టాను. తడి మట్టి పారకి అంటుకుని వదలడం లేదు, ప్రతిసారీ కాలితో తొయ్యాల్సి వస్తోంది. నాలుగు పారలయ్యాయి. పది అయ్యాయి. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఎవరైనా వచ్చి "ఇటివ్వు" అంటారేమోనని మధ్యమధ్య తలెత్తి చూస్తూ, వేస్తూనే ఉన్నాను.