పేటవీధిలో బరువు దించే రాయి

ఈ ఉదయం పేటవీధి మలుపులో నడుస్తూ ఉండగా వెనుక నుండి ఒక నిట్టూర్పు వినిపించింది. అది దుఃఖంతో విడిచినది కాదు. తల మీది కొబ్బరికాయల గంపను రాతి మీదికి జరిపి, మెడను అటూ ఇటూ తిప్పి, ఒంట్లోని గాలినంతా ఒక్కసారిగా వదిలే మనిషి నిట్టూర్పు. దానితో పాటు చెమటకు తడిసిన తలచుట్ట వాసన కూడా గాలిలో వచ్చింది. వెనుదిరిగి చూడకుండానే ఆమె ఎక్కడ నిలబడి ఉన్నదో నాకు తెలిసింది. మా ఉడుమలైపేటలో ఆ నిట్టూర్పుకు ఒక చోటు ఉన్నది. ఆ చోటును అక్కడ నిలిపిన పెద్దనాయుడు గారిని ఎరుగని తరం ఇప్పుడు ఆ దారిన నడుస్తున్నది. వారి కోసమే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఆయన పేరు రంగసామి నాయుడు. ఊరి చుట్టూ పత్తిచేలు, పేటవీధిలో ఇల్లు, ఇంటి ముందు పదిమంది కూర్చొనే రాతితిన్నె. ఊరిలో అందరికీ ఆయన పెద్దనాయుడు. తాలూకాలో రోడ్ల నిధి ఏర్పడినప్పుడు ఊరి తరఫున ఆయనను సభ్యునిగా వేశారు. నేను నల్లరేగడి పల్లెలో పుట్టినవాణ్ణి. మా వంశంలో నాగలి పట్టనివారు లేరు, బడి మెట్లు ఎక్కినవారూ లేరు. అందులో నేనొక్కణ్ణే చెన్నపట్నం పోయి బి.ఏ. పరీక్షలో నెగ్గి తిరిగివచ్చాను. ఆ నిధి కచేరిలో నాకు వ్రాతపని దొరికింది. పెద్దనాయుడు గారి కింద పని చేయమన్నారు. మొదటినాడు ఇస్త్రీ చేసిన అంగీతో, తలపాగాతో వెళ్లి ఆయన ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాను.

"ఏం చదివిండావప్పా?" అని అడిగారు.

"బి.ఏ. అండీ. చరిత్ర, తర్కశాస్త్రం..."

"సరి, సరి. బండి తోలేదానికి వస్తుందా?"

"వస్తుందండీ. మా నైన నేర్పినాడు."

"దాన్ని గదప్పా ముందు చెప్పాల! రా, ఎక్కు."

పత్తిమూటలు వేసిన బండి మీద నన్ను కూర్చోబెట్టి పగ్గాలు నా చేతికిచ్చారు. పేటవీధిలోకి తిరిగామో లేదో, బండి నిలిచిపోయింది. ఆనాటి పేటవీధిని ఇప్పటివారు ఊహించలేరు. రెండు వైపులా ప్రతి ఇంటి తిన్నె గుమ్మం దాటి వీధిలోకి జరిగి ఉండేది. తాత కట్టిన తిన్నెకు తండ్రి ఒక వరుస, కొడుకు మరొక వరుస చేర్చినందువల్ల, వీధి నానాటికీ సన్నబడి, చివరకు ఒక బండి పట్టే సందుగా మిగిలింది. వానపడితే నల్లమట్టి ఇరుసు దాకా అంటుకొనేది. ఎదురుగా వచ్చిన కొబ్బరి బండివాడు నాకేసి చూసి అరిచాడు. "ఓయ్ తలపాగా! ఎద్దులకు చదువు చెప్తా ఉండావా? వెనక్కి తోలు!" వీధి వీధంతా నవ్వింది. పెద్దనాయుడు గారు కూడా నవ్వారు.

అంతటితో విడిచిపెట్టలేదు. నన్ను బండి దింపి, ఒక పత్తిమూట నా తలకెత్తి, "ఇప్పుడు నడు" అన్నారు. నా తలపాగా జారిపోయింది. ఒక పక్క చక్రాలు, మరొక పక్క తిన్నెల అంచులు, కాళ్లకింద బురద. నా ముందు గంపలతో నడుస్తున్న ఆడవాళ్లు బండి వచ్చినప్పుడల్లా గోడకు అంటుకొని నిలిచేవారు. వీధి నడుమ, కొంచెం వెడల్పు మిగిలిన చోట, ఒక బరువు దించే రాయి ఉండేది. మా వైపు దానిని సుమైతాంగి అంటారు. రెండు నిలువురాళ్ల మీద, మనిషి భుజమంత ఎత్తున, ఒక అడ్డురాయి. తలబరువును ఎవరి సాయమూ లేకుండా దాని మీదికి జరుపుకోవచ్చు, మళ్లీ ఎత్తుకోవచ్చు. అక్కడ ఆయన "దించు" అన్నారు. దించాను. నా నోటి నుండి ఆ నిట్టూర్పే వెలువడింది.

"వీధిని గురించి రాసేవాడు మూటతో నడిచి రాయాల. తెలిసిందా బీయే?" అన్నారు. తరువాత ఆ రాతిని అరచేతితో తడుముతూ, "ఇది మా అలమేలుది" అన్నారు.

అలమేలు ఆయన ఒక్కగానొక్క కూతురు. నెలలు నిండి, కాన్పు కాకుండానే కడుపులో బిడ్డతో పోయింది. అలా పోయిన ఆడదాని పేరిట సుమైతాంగిని నిలపడం ఈ సీమ ఆచారం. దారినపోయేవారు దాని మీద బరువు దించినప్పుడల్లా, దింపుకోలేక మోసుకుపోయిన ఆ తల్లి బరువు కొంత తీరుతుందని నమ్మకం.

కొన్నాళ్లకు రోడ్ల దొర వచ్చి వీధిని చూశాడు. రైలు స్టేషనుకు పత్తిబండ్లు పోయే పెద్దబాట వేయబోతున్నారు. పేటవీధి వెడల్పు కాకుంటే బాటను ఊరి బయటి నుండి తీస్తామని చెప్పి వెళ్లాడు. బాట బయటికి పోతే సంత కూడా దాని వెంటే పోతుంది. అంగళ్లు, చావడి, తిన్నెల మీది కొలువులు అన్నీ పాడుబడతాయి. పెద్దనాయుడు గారు మరునాడే ఒప్పుకొని, బండ్లకు వెడల్పు బాట, దాని పక్కన ఎత్తుగా రాళ్లు పరచిన కాలిదారి, మలుపులో చావడి ముందు నలుగురు కూడే ఖాళీచోటు కావాలని నా చేత వ్రాయించారు.

తీయవలసిన తిన్నెలకు గుర్తులు పెట్టడానికి కొలతవాళ్లు వచ్చారు. పొరుగుసీమవాళ్లు కావడం వల్ల చేతికందిన సున్నంతో, జేగురుతో నిలువుచారలు గీసిపోయారు. మా ఊళ్లో తెల్లచార పక్కన ఎర్రచార కనిపించేది గుడిగోడ మీదనే. తెల్లవారేసరికి ప్రతి చార కింద ముగ్గు, ముగ్గులో దీపం, పసుపు, పూలు! "మా తిన్నె మీదికి సామి వచ్చిండాడు" అని ఆడవాళ్లు మురిసిపోతున్నారు. గడ్డపారలతో వచ్చిన కూలీలు చెంపలు వాయించుకొని తిరిగిపోయారు.

నాకొక తర్కం తోచింది. "నాయుడుగారూ, సామి గుర్తు పెట్టిన చోటు సామిదే కదా, దారికి అడిగాడని చెబుదాము. ఎవరూ కాదనరు" అన్నాను.

ఆయన నన్ను తేరిపార చూశారు. "తెలియకుండా ఇచ్చినది ఇచ్చినట్టు అవుతుందా అప్పా? ఉండేదాన్ని ఉన్నట్టు చెప్పి అడగాల. ఇయ్యకుంటే మళ్లీ అడగాల" అన్నారు.

ఆ సాయంత్రం వీధినంతా చావడి వద్ద చేర్చి, ఆ గుర్తులు ఎందుకు పెట్టినవో చెప్పేశారు. పెద్ద గొడవ రేగింది. తిన్నె మీద మజ్జిగ అమ్ముకొనే రామక్క ముందుకు వచ్చింది. "ఏం మామా, మా తిన్నెలేమన్నా మజ్జిగనా, ఎవురు పడితే వాళ్లు చిలికేదానికి? మావి తియ్యమంటా ఉండారే, వీధి నడిమధ్యలో నిలబడిండేది ఎవురిది? అది నిలిచేటట్టయితే మావీ నిలుస్తాయి."

అందరి తలలూ అలమేలు రాతివైపు తిరిగాయి. రామక్క, అనరాని మాట అన్నానే అన్నట్టు, కొంగు నోటికడ్డం పెట్టుకొన్నది. పెద్దనాయుడు గారు మాత్రం, "అడగాల్సిందే అడిగింది" అని లేచారు.

ఆ పూట వారి ఇంటనే నా భోజనం. వారి భార్య తాయమ్మ గారు వడ్డిస్తూ ఉండగానే ఆయన సంగతి చెప్పారు. ఆమె గరిటె కింద పెట్టేసింది.

"నా బిడ్డ దిగని బరువుతో పోయింది. యా ఊరి ఆడదో అక్కడ గంప దించినప్పుడంతా దానికి కొంచెం తేలికవుతుందని బతుకుతా ఉండాను. దాన్ని పెరికి యాడ పారేస్తారు?"

"పారేసేది కాదే..."

"ఇంకేమీ చెప్పొద్దండి."

విస్తరిలో ఆయన చేయి అట్లే ఉండిపోయింది. ఊరి పెద్దగా మాట ఇచ్చిన మనిషి ఇంటిలో మాట లేక కూర్చోవడం ఆనాడే చూశాను. ఆమె వద్దంటే ఆయన ఆ రాతిని ముట్టరని, అప్పుడు బాట ఊరికి దక్కదని నాకు తెలుసు.

మరునాడు సంత. ఎవరికీ చెప్పకుండా తాయమ్మ గారు వీధిలోకి వచ్చి కూతురి రాతికి ఎదురుగా, రామక్క తిన్నె మీద కూర్చొన్నది. ఇద్దరూ పలకరించుకోలేదు. రాతి చుట్టూ బండ్లు ఇరుక్కొని ఉన్నాయి. వంటకట్టెల మోపుతో వచ్చిన ఒక ఆడమనిషి రాతి దాకా పోలేక, మోపు తలమీదనే ఉంచుకొని, బండ్లు కదిలేదాకా నిలబడింది. కాళ్లు వణుకుతున్నాయి. ఆ వెనుక మరొకతె, ఆ వెనుక ఇంకొకతె. తాయమ్మ గారు చాలాసేపు చూసింది. చివరకు రామక్క మెల్లగా మజ్జిగముంత ఆమె ముందు పెట్టి, "తాగత్తా" అన్నది.

తాయమ్మ గారు తాగి, లేచి, భర్త ఉన్న చావడి వద్దకు నడిచింది. "దగ్గరికే రాలేకుంటే ఇంక వాళ్లు దించేది యాడ? ఈ మలుపులో, చావడి నీడకు తెచ్చి పెట్టండి. ఎండలో చాలాకాలం నిలబడింది బిడ్డ" అన్నది.

రాతిని కదిపే ఉదయం ఆమె దానికి పసుపు పూసి, చెవిలో చెప్పినట్టుగా "రా అమ్మా, పోదాము" అన్నది. ఎద్దులను కడతామంటే పెద్దనాయుడు గారు వద్దన్నారు. "ఇన్నాళ్లూ మన బరువు ఇది మోసింది. ఇయాళ మనం మోద్దాం" అని తానే ముందు భుజం పెట్టారు. ఆ వెనుక నేనూ పెట్టాను. మలుపులో దించి తల తిప్పి చూసేసరికి రామక్క తన దీపాన్ని తీసి పక్కన పెట్టి, కూలీ చేతిలోని గడ్డపార లాక్కొంటున్నది. "నా తిన్నెకు మొదటి పోటు నాదే. తప్పుకోప్పా!"

ఒక్క రాయి కూడా వీధి దాటి పోలేదు. ఏ ఇంటి తిన్నెరాళ్లను ఆ ఇంటి ముందరే కాలిదారికి పరిపించారు. కూర్చొన్న రాళ్ల మీదనే ఇప్పుడు ఊరు నడుస్తున్నది. బాట ఊరిలో నుండే పోయింది. సంత నిలిచింది. దొర మళ్లీ వచ్చి చూసి, ఈ ఏర్పాటు ఎవరిదని అడిగితే, పెద్దనాయుడు గారు నన్ను ముందుకు తోసి, "మా బీయే. బండి కూడా తోలతాడు" అన్నారు. ఆ తరువాత నాకు ఎన్నో మర్యాదలు దక్కాయి. వాటిలో ఏదీ ఆ మాట ఎత్తుకు చేరలేదు.

ఆండిపట్టిలో, బోడినాయకనూరులో నా చేతి మీదుగా వీధులు పడ్డాయి. ఎక్కడైనా సరే, కాగితం మీద గీత గీయడానికి ముందు తలపాగా తీసి, మూట తలకెత్తుకొని ఆ వీధిని ఒకమారు నడుస్తాను. నా కిందివాళ్లు చాటున నవ్వుకొంటారని తెలుసు. తరువాత ఆ వీధివారిని చేర్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పి అడుగుతాను. ఇయ్యకుంటే మళ్లీ అడుగుతాను.

ఈ ఉదయం ఆ కొబ్బరికాయల మనిషి బయలుదేరబోతుంటే, గంప ఎత్తడానికి చేయి అందించబోయాను.

"వద్దు సామీ, రాయుండాది గదా" అని, భుజం వంచి తానే తలకెత్తుకొన్నది. నేను కాలిదారి విడిచి బాటలోకి దిగి ఆమెకు దారి ఇచ్చాను.