సీలు లేని సాఫ్ట్‌వేర్

శ్యామల బొగ్గుబాయి కార్మికుని బిడ్డ. బెల్లంపల్లిలో ఒక ప్రైవేటు కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నిరుడు తర్కంతో ప్రోగ్రాములు రాసే ప్రోలాగ్ భాష పాఠ్యాంశమైనప్పుడు, చవకైన సాఫ్ట్‌వేర్‌ను ఎంచే పని యాజమాన్యమే ఆమెకు అప్పగించింది. ఒకటి ఏటేటా రుసుము అడిగింది. ఇంకొకటి నెల దాటితే పనిచేయదు. మూడవది పూర్తిగా ఉచితం. ఇంట్లోని పాత కంప్యూటరులో తమ క్వార్టర్ల వాళ్ల బంధుత్వాలన్నీ ఎక్కించి, ఎవరికెవరు మేనత్త అవుతారో అడిగింది. అది ఒక్క తప్పు లేకుండా చెప్పింది. దానినే ఎంచింది.

కార్యదర్శి దశరథం మండిపడ్డాడు. "బిల్లు లేదంటే దొంగసరుకే గదమ్మా. తప్పయిందని మాఫీనామా రాసియ్యి, అప్పుడే ల్యాబ్‌ల పెట్టనిస్త. రేపు తనిఖీకి వస్తె తప్పు నీ మీదుండాలె."

సరుకు కళాశాలకు, దొంగతనం ఆమెకు. ఇదీ ఆ పెద్దమనిషి నీతి.

ఉచితంగా వాడుకోవచ్చన్న అనుమతి పత్రాన్ని శ్యామల అచ్చుతీసి ముందు పెట్టింది.

"సీలేది దీని మీద?"

"ఇంటర్నెట్ల సీలెవరు గుద్దుతరు సార్?"

"గట్లయితె గిది కాయిదమే కాదు."

ఒక్క వాక్యమైనా చదవలేదు. చదవడాన్ని చిన్నతనంగా భావించేవారే చదువులకు అధిపతులయ్యారు.

శ్యామల అక్కడే తెల్లకాగితం తీసుకుని, "నేను దొంగతనం చేయలేదు. చేయని తప్పుకు క్షమాపణ చెప్పను" అని రాసి, సంతకం చేసి ఇచ్చింది. దశరథం సంతకం మాత్రమే చూసి, స్వయంగా సీలు గుద్ది ఫైలులో పెట్టించాడు. దాని నకలును శ్యామల ఈ కథ రాస్తున్న నాకిచ్చింది; నా వద్ద భద్రంగా ఉంది.

"ఇగ పెట్టుకో పో" అన్నాడు.

మరునాడు పాఠం మొదలైంది.