టేపక్క కొలవనిదేదీ లేదు

మా టేపక్క కళ్ళతో చూసింది నమ్మదు. టేపు పెట్టి కొలిస్తేనే నమ్ముతుంది. ముప్పై ఏళ్ళుగా భవనాలు గీస్తున్న ఆర్కిటెక్టు. హ్యాండ్‌బ్యాగులో దువ్వెన ఉండదు గానీ అయిదు మీటర్ల స్టీలు టేపు ఉంటుంది. పెళ్ళికి ముందు వాళ్ళాయన తను ఆరడుగులని చెప్పుకుంటే, గోడకి ఆనించి నిలబెట్టి కొలిచి, "అయిదూ తొమ్మిది. అయినా ఫరవాలేదు" అని ఒప్పుకుందట. ఆ మూడంగుళాల సంగతి ఎత్తితే బావగారు ఇప్పటికీ మాట మారుస్తారు.

అక్క పనిచేసే ఆఫీసులోనే నేను జూనియర్ని. కిందటేడు భవనాల డిజైన్ టెక్నాలజీ మీద పెద్ద సదస్సు జరిగితే ఇద్దరం వెళ్ళాం. రెండోరోజు మధ్యాహ్నం నా ప్రసంగం. జీవితంలో మొదటిది. మా బాస్ ముందే చెప్పాడు: "బాగా మాట్లాడితే కొత్త ఆసుపత్రి డిజైన్ నీకే. తడబడ్డావో, ఇంకో ఏడాది బాత్రూములే గియ్యాలి."

రిజిస్ట్రేషన్ బల్ల దగ్గరే అక్క కొలతలు మొదలయ్యాయి.

"మీవారి పేరు చెప్పండి మేడమ్" అన్నాడు అక్కడి గుమాస్తా.

"ఆయన ఇంట్లో ఉన్నారు. నా పేరు రాసుకోండి" అంటూనే అక్క బల్ల కొలిచేసింది. "ఇంత పొట్టి బల్ల మీద వంగి రాస్తున్నారు, నడుం నొప్పి రావట్లేదూ?"

"వస్తోందండీ!" అన్నాడాయన తెల్లబోయి.

లోపల ఒక స్టాల్లో సేల్స్‌మన్ కంప్యూటర్ తెర మీద ఆ హాలునే చూపిస్తున్నాడు. "ఉన్నదున్నట్టు దించేశాం మేడమ్. మిల్లీమీటరు తేడా ఉండదు. మీ సార్ని కూడా పిలవండి, వివరంగా చెప్తాను."

అక్క వెళ్ళి హాలు తలుపు కొలిచొచ్చింది. "మీ బొమ్మలో తలుపు నాలుగంగుళాలు ఎక్కువుంది నాయనా. మా సారొచ్చినా అంతే ఉంటుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎనిమిదొందల మందిలో ఆడవాళ్ళం పట్టుమని పాతికమంది లేం. అందులో ఒకావిడ నేల మీద చతికిలబడి మెట్టు ఎత్తు కొలుస్తోంది!

రెండోరోజు పొద్దున ఇంకో ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి మాట్లాడటానికి వేదికెక్కింది. మైకున్న బల్ల ఆరడుగుల మగవాళ్ళ కోసం చేయించినట్టుంది. దాని వెనకాల ఆమె నుదురు తప్ప ఏమీ కనపడలేదు.

"మాట వినిపిస్తోంది, మనిషేదీ?" అని వెనకనుంచెవరో అరిచారు. హాలంతా నవ్వింది. పాపం, ఆ అమ్మాయి ఇరవై నిమిషాల ప్రసంగం ఏడు నిమిషాల్లో ముగించి దిగిపోయింది.

నేను ఆమె కంటే పొట్టి. సరిగ్గా అప్పుడే అక్క టేపు లాగింది. "నిటారుగా నిలబడు. నీ ఎత్తెంత?"

"అయిదడుగులు. ఇప్పుడు కూడానా అక్కా!"

"నాలుగూ పదకొండు. ఆ అంగుళం చెప్పులది."

"మీకు మనుషులక్కర్లేదు, కొలతలుంటే చాలు!" అని కసిరేశాను. ఆవిడ టేపు చుట్టేసుకుని వెళ్ళిపోయింది. భోజనాల దగ్గరా కనపడలేదు.

నా పేరు పిలిచారు. చచ్చినట్టు వేదికెక్కాను. బల్ల వెనక కొత్త చెక్కపీట! అంచులు నున్నగా చిత్రిక పట్టి, జారకుండా పైన రబ్బరు చాప అంటించి ఉంది. ఎక్కి నిలబడ్డాను. మైకు సరిగ్గా నోటి దగ్గరకొచ్చింది. ఆఖరి వరస దాకా మొహాలన్నీ కనిపించాయి. ఆసుపత్రి మలుపుల్లో స్ట్రెచర్ ఎక్కడ ఇరుక్కుంటుందో గోడలు కట్టకముందే కంప్యూటర్లో ఎలా పట్టుకోవచ్చో చెప్పాను. ఒక్కచోటా తడబడలేదు. ప్రశ్నలడిగినవాళ్ళు నా కళ్ళలోకి చూసి అడిగారు. ఆ ఆసుపత్రి డిజైన్ ఇప్పుడు నా చేతిలోనే ఉంది.

దిగి పరుగున అక్క దగ్గరకెళ్ళాను. ఆవిడ చీర నిండా రంపపు పొట్టు.

"స్టాళ్ళు కట్టిన వడ్రంగి ఇంకా ఇక్కడే ఉన్నాడు. పక్కన నిలబడి చేయించా" అంది.

"పొద్దున కసిరాను. తప్పయిపోయిందక్కా."

"అది తర్వాత. ఆ పీట అక్కడే ఉండనీ. పొద్దుటి అమ్మాయికి సాయంత్రం మళ్ళీ ఇరవై నిమిషాలు ఇప్పించా. నీకంటే రెండంగుళాలు ఎక్కువ, సరిపోతుంది."

"ఆమెనెప్పుడు కొలిచారు?"

"వరండాలో ఏడుస్తుంటే దగ్గరికి తీసుకున్నా. తల నా చెవి దాకా వచ్చింది."

"టేపు పెట్టకుండానే?"

అక్క నన్ను వింతగా చూసింది. "ఏడుస్తున్న పిల్లకి టేపేం పెడతామే!"