కళ్లు చెరిగిపోయిన ఫిడేలువాడు

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నేను ఆత్మకూరుకు కోడలిగా వచ్చాను. మా మామగారికి బట్టల కొట్టు. ఆయనకు ఒకటే పిచ్చి. ఉదయగిరిలో ఇళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయే తెల్లదొరల దగ్గర పాతకాలపు ఇంగ్లండు పింగాణీ బొమ్మలు కొనేవారు. అవి కూడా వాద్యగాళ్ల బొమ్మలే కావాలి. ఫిడేలు వాయించేవాడు, పిల్లనగ్రోవి ఊదే అమ్మాయి, డోలు కొట్టేవాడు.

దసరాకి బొమ్మల కొలువులో వాటినీ పెట్టమన్నారు. మసకబారి ఉన్నాయి కదా అని, ఇత్తడి సామాను తోమినట్టే చింతపండు, ఇటుకపొడి వేసి కొబ్బరిపీచుతో బాగా రుద్దాను. కడిగి చూద్దును కదా, బంగారు పూత పోయింది. ఫిడేలువాడికి కళ్లూ నోరూ కూడా లేవు!

అంతలో మామగారు రానే వచ్చారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఆ బొమ్మను కండువాతో తుడిచి చాలాసేపు చూశారు.

"ఏడవబాకమ్మా. పాట తెలిసినోడు కళ్లు మూసుకోనే వాయిస్తాడు" అన్నారు.

కొలువులో దాన్నే ముందు వరసలో పెట్టించారు.

తర్వాత కూడా ఉదయగిరికి వెళ్లొస్తూనే ఉన్నారు గానీ, మరో బొమ్మ తేలేదు. ఆయన ఒట్టి చేతులతో ఇంట్లో అడుగుపెట్టినప్పుడల్లా నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని.