బోర్డు ఎవరు తుడుస్తారు?

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. ముక్కు దాకా ఎందుకు, నాలుక చివరే ఉంటుంది. కాకపోతే అది పాలపొంగు. చప్పున లేస్తుంది, స్టవ్ కట్టేసేలోపే దిగిపోతుంది. సింగపూర్‌లో నాలుగో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పడం మొదలుపెట్టి అప్పటికి పద్నాలుగేళ్లు. నా సంగతి పిల్లలకు మొదటి వారంలోనే తెలిసిపోయేది. ఎవరినైనా గట్టిగా తిట్టానా, పీరియడ్ అయ్యేలోపు వాళ్లనే పిలిచి బోర్డు తుడవమనేదాన్ని. సారీ చెప్పడం చేతకాక పెట్టుకున్న అలవాటు అది. డస్టరు చేతికిచ్చానంటే కోపం పోయిందని లెక్క. తిట్లు తిన్నవాళ్లు ఎంత దర్జాగా తుడిచేవారంటే, ఆ డస్టరు కోసమే అల్లరి చేసిన మహానుభావులు కూడా ఉన్నారు.

కోవిడ్ వచ్చి బళ్లు మూసేశారు. ఉన్నపళంగా ఇంటి నుంచే పాఠాలన్నారు. అప్పుడు మా బెడోక్ ఫ్లాట్‌లో ఉన్నది నేనూ, మావారూ, మూడు నెలలకని ఒంగోలు నుంచి వచ్చి విమానాలు ఆగిపోయి చిక్కుకుపోయిన మా అత్తయ్యా. వైఫై సరిగ్గా అందేది భోజనాల బల్ల దగ్గరే. రాఫెల్స్ ప్లేస్‌లో ఐటీ ఉద్యోగం చేసే మావారు, తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో సీటు ముందే పట్టి చోప్ చేసినట్టు, పొద్దున్నే ఆ బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి స్నానానికి వెళ్లేవారు. టిష్యూ ప్యాకెట్టు ఉన్నచోట ఈ ఊళ్లో ఎవరూ కూర్చోరు. నేను కూర్చున్నాను.

"అన్యాయం! అది నేను చోప్ చేశా."

"మీ మీటింగులో ఎనిమిది మంది, అందరూ పెద్దవాళ్లు. నాకు ముప్ఫై ఎనిమిది మంది, అందరూ పిల్లలు. మీరు గదిలోకి వెళ్లండి బాబూ."

పాపం, ఇస్త్రీ బల్లే ఆయన ఆఫీసు టేబులయింది.

ఇంతా చేసి ఆ కుర్చీలో నాకు దక్కిన సుఖమేమీ లేదు. తరగతిలో మొహం చూస్తే భిన్నాలు బుర్రకెక్కాయో లేదో తెలిసేది. ఇక్కడ సగం కెమెరాలు ఇంటి సీలింగును చూపిస్తున్నాయి. "వినిపిస్తోందా?" అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. స్కూలు వాళ్లు మంచివాళ్లే. టీచర్ల మానసిక ఆరోగ్యం కోసమని ఆన్‌లైన్‌లో ఒక క్లాసు పెట్టారు. కళ్లు మూసుకుని నాలుగంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చమన్నారు. మూడో అంకె దగ్గర మా కుక్కర్ కూసింది. దిద్దాల్సిన వర్క్‌షీట్లు ఆ గంటసేపూ అలాగే పడున్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే కాబోలు.

మూడో వారం, సోమవారం. ఒక అమ్మాయి కెమెరా ముందే నూడుల్స్ తింటోంది. లెక్క అడిగితే పలకలేదు. రెండోసారి పిలిచినా పలకలేదు. నా కోపం పాలలా పొంగింది.

"ఇది క్లాసా, హాకర్ సెంటరా? ముందు తిండి కానియ్, మకాన్ అయ్యాకే రా!"

ఆ అరుపు నాకే ఎబ్బెట్టుగా వినిపించింది. పిల్ల చేతిలో ఫోర్కు ఆగిపోయింది. వెనక నుంచి వాళ్లమ్మ మొహం తొంగిచూసింది. కెమెరా ఆరిపోయింది. బడిలో అయితే మరో ఐదు నిమిషాల్లో డస్టరు ఇచ్చేదాన్ని. ఇక్కడ ఇవ్వడానికి ఏముంది? టైమైపోయి ఒక్కొక్కరే మాయమయ్యారు.

సాయంత్రం ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు. మా అమ్మాయికి మీ టీచరంటే భయమేస్తోందని ఆ తల్లి రాసిందట. "మీరు బాగా అలసిపోయినట్టున్నారు, జాగ్రత్త" అన్నారావిడ, మెత్తగా. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది. పద్నాలుగేళ్లలో నేనంటే భయమని రాసినవాళ్లు లేరు. ఆ పిల్ల మంగళవారం రాలేదు, బుధవారం రాలేదు. ఇక నేను పిల్లల ముందు నిలబడటానికి పనికిరాననిపించింది. రాజీనామా నాలుగు లైన్లు రాసి డ్రాఫ్టులో పెట్టాను. శుక్రవారం క్లాసు కాగానే పంపేద్దామనుకున్నాను.

ఇక్కడి ఫ్లాట్లలో బాంబు షెల్టరని ఇనుప తలుపున్న ఓ చిన్న గది ఉంటుంది. యుద్ధమొస్తే దాక్కోవడానికని కట్టారు. మేం అందులో ఆవకాయ జాడీలు దాచుకున్నాం. గురువారం పిల్ల మళ్లీ రాకపోయేసరికి, క్లాసు ముగించి అందులోకి వెళ్లి తలుపేసుకుని, బియ్యం బస్తా మీద కూర్చుని ఏడ్చాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. అత్తయ్య. ముప్ఫై ఏళ్లు బడిపంతులమ్మగా చేసి రిటైరైన మనిషి.

"ఏందమ్మాయ్, బియ్యం మీద కూర్చోని ఏడుస్తన్నావు?"

అంతా చెప్పాను, రాజీనామాతో సహా. అయ్యో అంటుందనుకున్నాను.

"తిట్టావు, సరే. బోర్డు తుడిపించావా?"

"బోర్డెక్కడుంది అత్తయ్యా, అంతా స్క్రీనేగా!"

"స్క్రీనో గోడో! తుడిపిస్తేనే తిట్టు తీరిపోద్దని నువ్వేగా నాకు చెప్పింది? ముందు ఆ పిల్లకి ఫోన్ చెయ్యి. లెయ్, నాక్కాస్త కందిపప్పు కావాల."

ఫోన్ ఆ తల్లే ఎత్తింది. గొంతు చల్లగా ఉంది. ఆవిడకు క్షమాపణ చెప్పి, పిల్లకు ఇమ్మన్నాను. పద్నాలుగేళ్లుగా డస్టరు వెనక దాచిన మాట చెప్పడానికి నాలుక తిరగలేదంటే నమ్మండి. "నేను అరవకుండా ఉండాల్సింది. సారీ అమ్మా" అన్నాను.

"ఓకే టీచర్."

అంతే. తల్లి మళ్లీ ఫోన్ తీసుకుంది. ఆవిడ నర్సు. వారం రోజుల వరస డ్యూటీ తర్వాత ఆ సోమవారం పొద్దున్నే కూతురితో కలిసి తినడానికి కూర్చుందట, కబుర్లలో పడి ఇద్దరూ క్లాసు నడుస్తున్న సంగతే మర్చిపోయారట. రేపు పంపిస్తారా అని అడిగే ధైర్యం చాలలేదు.

శుక్రవారం ఆ పిల్ల పేరు కనిపించింది, కెమెరా మాత్రం ఆరిపోయే ఉంది. నేను స్క్రీన్ మీది తెల్లబోర్డు నిండా భిన్నాలు రాశాను. ఐదు నిమిషాలే మిగిలాయి.

"బోర్డు నిండిపోయింది. ఎవరు తుడుస్తారు?" అని, ఆ పిల్ల పేరే పిలిచాను.

నాలుగంకెలు లెక్కపెట్టి ఊపిరి పీల్చాను. ఆ టీచర్ల క్లాసులో చెప్పింది ఎన్నాళ్లకో అక్కరకొచ్చింది. మళ్లీ నాలుగు.

కెమెరా వెలిగింది. పిల్ల ప్యాకెట్లోంచి టిష్యూ లాగి, ముందుకు వంగి, తన ల్యాప్‌టాప్ తెరను ఓ చివర నుంచి తుడవడం మొదలుపెట్టింది. ఎంత శ్రద్ధగా అంటే, అచ్చం బడిలో తుడిచినట్టే. ఆ చెయ్యి ఎటు వెళ్తే అటు నేను ఇక్కడ నా అంకెలు చెరిపేస్తూ వచ్చాను. మిగతా ముప్ఫై ఏడుమందిలో ఒక్కరూ నవ్వలేదు.

"టీచర్, టాప్ కార్నర్ స్టిల్ గాట్ లా" అంది.

నిజమే, పై మూల ఒక సగం మిగిలిపోయింది. కళ్లు మసకేసి నాకు కనిపించలేదు. అదీ చెరిపాను.

అందరూ వెళ్లాక డ్రాఫ్టులో ఉన్న నాలుగు లైన్లూ చెరిపేశాను. ఆ తర్వాత బల్ల మీది టిష్యూ ప్యాకెట్టు చింపి, గట్టిగా ముక్కు చీదాను.

"అది నా చోప్!" అన్నారు, కాఫీ కోసం అప్పుడే గదిలోంచి వచ్చిన మావారు.