నారాయణగూడ అడ్డాలో అందరికీ ముప్పై రోజుల పని

1996 జూలై. అశోక్‌నగర్‌లో ఒక మేడ మీది మూడు గదుల్లో మా ఆర్థిక పరిశోధన కేంద్రం ఉండేది. పేద దేశాల నుంచి, అప్పుడే చదువు ముగించిన యువ పరిశోధకులు ఆరు నెలల ఫెలోషిప్ మీద వచ్చి తమ మొదటి పేపర్ ఇక్కడ రాసుకునేవారు. ఒక్కొక్కరికి ఒక మెంటర్. మెంటర్ అంటే పేపర్ రాసిపెట్టే మనిషి కాదు, ఎక్కడ తప్పుతోందో వేలుపెట్టి చూపించే మనిషి. ఆ పని నాకిచ్చారు. నేనేమో నా స్టాప్ వచ్చిందని కండక్టర్‌తో చెప్పలేక, తర్వాతి స్టాప్‌లో దిగి వెనక్కి నడిచే మనిషిని. పగలు చెప్పలేనివన్నీ సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని డైరీలో రాసుకునేదాన్ని.

నాకు అప్పగించిన సామ్యూల్‌ది మలావీ దేశం. ఆరడుగుల మనిషి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, టై లేకుండా గది దాటేవాడు కాదు. రోజుకూలీలకు నెలలో ఎన్నాళ్లు పని దొరుకుతుందన్నది అతని పరిశోధన. వాళ్ల ఊళ్లోనూ కూలీలు నిలబడే కూడలి ఉందట. వాళ్ల నాన్న అక్కడే నిలబడేవాడట. సెమినార్‌లో పేపర్ నెగ్గితే ఫెలోషిప్ మరో ఏడాది పొడిగిస్తారు, లేకపోతే నెలాఖరుకు తిరుగు ప్రయాణం.

ముందు పైలట్ సర్వే చేశాం. అంటే అసలు సర్వేకు ముందు కొద్దిమందితో చేసే రిహార్సల్. రోజూ పొద్దున ఏడింటికి నారాయణగూడ చౌరస్తాలోని కూలీల అడ్డాకు వెళ్లేవాళ్లం. అక్కడ నిలబడేవాళ్లలో ఎక్కువమంది పాలమూరు నుంచి వచ్చినవాళ్లే. సామ్యూల్ ఇంగ్లీషులో అడిగేవాడు, నేను నేల చూస్తూ తెలుగులో అడిగేదాన్ని.

"పోయిన నెల ఎన్ని రోజులు పని దొరికింది?"

"ముప్పై దినాలు సార్! ఒక్కనాడు గూడ ఖాళీ లేను."

పక్కనున్నతను అతన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "నాకు ముప్పై ఒకటి!"

పోయిన నెల జూన్. ఆ సాయంత్రం డైరీలో ఇలా రాసుకున్నాను: "జూన్‌కు ముప్పై రోజులే. పైగా నెలంతా పని ఉన్నవాళ్లు పదింటిదాకా అడ్డాలోనే ఎందుకున్నారు? సామ్యూల్‌కు చెప్పాలి." మర్నాడు పేజీలో "రేపు చెప్పాలి" అని ఉంది. ఆ మర్నాడూ అదే. ఆ వారమంతా డైరీ నన్ను తిడుతూనే ఉంది.

సామ్యూల్ మాత్రం సంబరంలో మునిగాడు. నలభైమంది రెస్పాండెంట్లు, అంటే మన ప్రశ్నలకు జవాబిచ్చినవాళ్లు, అందరిదీ ఒకటే మాట. "ఇంత శుభ్రమైన డేటా నేనెక్కడా చూడలేదు!" అంటూ, నారాయణగూడలో నిరుద్యోగం లేదని పదహారు పేజీలు రాసేశాడు. ఎలా ఉందని అడిగితే, టైపింగ్ బాగుందన్నాను.

శుక్రవారం సెమినార్. బుధవారం పొద్దున, అనుకున్న యాభైలో మిగిలిన పదిమందిని అడగడానికి మళ్లీ అడ్డాకు వెళ్లాం. మక్తల్ నుంచి వచ్చిన బాలమ్మ తట్ట బోర్లించి దాని మీద కూర్చునుంది. మమ్మల్ని చూడగానే లేచింది.

"ఏం బిడ్డా, మూడు వారాల సంది రాసుకపోతున్నరు. బిల్డింగు పని ఎప్పుడు షురూ జేస్తరు?"

"ఏ బిల్డింగు?" అన్నాను.

"గీ టై సారు కట్టించే బిల్డింగు! గందుకే గద మనుషులను ఏరుకుంటున్నరు?"

"మరి నెలంతా పని ఉందన్నారు కదా?"

బాలమ్మ నన్ను చూసి జాలిపడింది. "ఖాళీగున్న అంటే ఎవడు తీస్కపోతడు బిడ్డా? పనిరానోళ్లనుకోరా? సదువుకున్నవు, గింత గూడ తెల్వదా?"

వెనకాల అడ్డా అంతా నవ్వింది. సామ్యూల్ కూడా, విషయం తెలియకపోయినా, మర్యాదకు నవ్వాడు.

"ఆమె ఏమంటోంది?"

"పని ఎప్పుడిస్తారని అడుగుతోంది."

"ముప్పై రోజులూ పని ఉన్న మనిషికి ఇంకా పనెందుకు?"

సంచిలోంచి డైరీ తీసి మొదటి రోజు పేజీ తెరిచాను. తెలుగు అతనికి రాదు కాబట్టి చదివి ఇంగ్లీషులో చెప్పక తప్పలేదు.

అతను ఆ పేజీ మీది తారీఖు కోసం వెతికాడు. "ఇది ఎప్పుడు రాశారు?"

"పద్దెనిమిది రోజుల కిందట."

"మీరు నా మెంటరా, నా చరిత్రకారులా?"

అతను నెమ్మదిగా టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. "నాకే తట్టాల్సింది. మా నాన్న కూడా అడిగినవాడికి ఖాళీగా ఉన్నానని ఒక్కనాడూ చెప్పలేదు," అన్నాడు.

మిగిలిన రెండు రోజుల్లో పద్ధతి మార్చాం. పదింటి తర్వాత, ఇక ఆ రోజుకు మేస్త్రీలెవరూ రారని తెలిశాక, టీ బండి దగ్గర కూర్చున్నాం. నెలంతా ఒక్కసారే అడగడం మానేసి నిన్న, మొన్న, అటుమొన్న అంటూ ఏడు రోజులు వెనక్కి వెళ్లాం. ఎన్నాళ్ల వెనక్కి అడుగుతామో దాన్ని రీకాల్ పీరియడ్ అంటారు. పొడుగైతే జవాబు గాల్లోకి పోతుంది.

బాలమ్మే ముందు నిలబడి కేకేసింది: "ఓ తమ్మీ, సామెలు సారు ఎవ్వల్ని తీస్కపోడంట! జర నిజం చెప్పుండ్రి!"

ముప్పై ఒకటన్న మనిషే ముందొచ్చాడు. "నిన్న పండుకున్న. మొన్న గూడ పండుకున్న. అక్కా, గది రాయకు, మా మేస్త్రి సదువుతడు."

ఏడు రోజుల్లో కొందరికి రెండు రోజుల పని, కొందరికి మూడు. బాలమ్మకు ఒక్కరోజు.

సెమినార్‌లో సామ్యూల్ రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టాడు. అడ్డా అదే, మనుషులూ వాళ్లే, లెక్క ఇంత తేడా ఎలా వచ్చిందని డైరెక్టర్ గారు అడిగారు. "మొదటి జవాబు యజమానికి చెప్పింది సార్, రెండోది పక్కన కూర్చుని టీ తాగేవాడికి. మిగతాది నా మెంటర్ చెబుతారు," అని కూర్చుండిపోయాడు. నేను లేచాను. రెండు వాక్యాలే చెప్పాను: లెక్క తప్పని నాకు మొదటి రోజే అనిపించింది, పద్దెనిమిది రోజులు అతనికి చెప్పలేదు. రెండోది వెనక వరుసకు వినబడలేదట, మళ్లీ చెప్పమన్నారు. చెప్పాను. సామ్యూల్‌కు ఏడాది పొడిగింపు వచ్చింది.

మనం ఏం అడిగామన్నదానికంటే, అడిగేటప్పుడు ఎదుటివాళ్లకు ఎవరిలా కనబడ్డామన్నది పెద్ద సంగతని ఆ నెలలో తెలిసింది. ఇంకోటి నాకు మాత్రమే: సాయంత్రం డైరీలోకెక్కిన తప్పు మర్నాటి టీ వేళకు ఆ మనిషి చెవిన పడాలి.

మరుసటి ఏడు నేపాల్ నుంచి వచ్చిన అమ్మాయిని అడ్డాకు తీసుకెళ్లాను. బాలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఈమెకు ముప్పై చెప్పాల్నా, నిజం చెప్పాల్నా?"

"నిజమే చెప్పు బాలమ్మా," అన్నాను. గట్టిగానే అన్నాను. టీ బండాయన కూడా తిరిగి చూశాడు.